కిరాయి రావడం లేదు, నల్లా బంద్ చేయొచ్చా?

ప్రశ్న: లాయరమ్మగారికి నమస్కారం. మాది మల్కాజిగిరి. మావారు పోయి నాలుగేళ్లయింది. కింద నేనుంటాను, పై పోర్షన్ కిరాయికిచ్చాను. ఫ్యామిలీ పెన్షన్ పెద్దగా రాదు, ఆ కిరాయి మీదే నా మందులు, ఇంటి ఖర్చు నడుస్తాయి. పైన ఉంటున్నవాళ్లు వచ్చి రెండేళ్లు దాటింది. నెలకు 14,000 కిరాయి, 28,000 అడ్వాన్సు. పదకొండు నెలల అగ్రిమెంటు ఒక్కసారే రాసుకున్నాం, తర్వాత మళ్లీ రాసుకోలేదు. ఇప్పుడు ఏడు నెలలుగా ఒక్క రూపాయి ఇవ్వలేదు. మొదట ఉద్యోగం పోయిందన్నారు, సరేలే అని ఊరుకున్నాను. మూడో నెలలో కొత్త బండి కొన్నారు. అడిగితే 'వచ్చే నెల పక్కా ఆంటీ' అని వాట్సాప్‌లో పెట్టేవారు, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. ఆయన భార్యేమో 'ఆయన్నే అడగండి ఆంటీ' అంటుంది. పైగా బాత్రూంలో పైపు లీకవుతోంది, బాగుచేయించమని నాకే కబురు! మా అబ్బాయి అమెరికా నుంచి 'వాళ్లు బయటికి వెళ్లినప్పుడు తాళం వేసెయ్ అమ్మా' అంటాడు. మా మరిది 'వదినా, మోటారు ఫ్యూజు పీకితే రెండ్రోజుల్లో వాళ్లే పోతారు' అంటాడు. వాళ్లకు టెన్త్ చదివే పాప ఉంది, నాకేమో మనసొప్పడం లేదు. కిరాయి ఇవ్వనివాళ్లకు కూడా నేను నీళ్లివ్వాల్సిందేనా? పోలీసులకు చెబితే ఖాళీ చేయిస్తారా?
(పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీ మరిదిగారు చెప్పిన పని చేయకండి. మీ అబ్బాయి చెప్పింది అసలే చేయకండి. మీ మనసు ఎందుకు ఒప్పుకోవడం లేదో, చట్టం కూడా సరిగ్గా అక్కడే మిమ్మల్ని ఆపుతోంది.

మీకు కోపం రావడం న్యాయమే. ఏడు నెలల కిరాయి అంటే 98,000 రూపాయలు. ఒంటరిగా ఉంటున్న మనిషికి ఆ డబ్బు ఆగిపోతే ఎంత టెన్షనో నాకు తెలుసు. నా దగ్గరికి వచ్చే ఇంటి ఓనర్లలో సగానికి పైగా మీలాంటివాళ్లే, పెద్ద ఆస్తిపరులు కారు. భర్త రిటైర్మెంటు డబ్బుతో పైన ఒక అంతస్తు వేసుకుని, దాని మీదే బతుకుతున్నవాళ్లు. అందుకే ఈ జవాబు కాస్త వివరంగా రాస్తున్నాను.

కిరాయి ఇవ్వకపోవడం అతని తప్పు. దానికి చట్టం మీకు రెండు హక్కులిచ్చింది: బకాయి వసూలు చేసుకోవడం, ఇల్లు ఖాళీ చేయించుకోవడం. ఆ రెండూ కోర్టు ద్వారా జరగాలి. కోర్టు డిక్రీ (తీర్పు ఉత్తర్వు) ఇచ్చి, దాన్ని అమలు చేసేదాకా ఆ పోర్షన్ అతని స్వాధీనంలో ఉన్నట్టే లెక్క. గడువు ముగిసిన తర్వాత కూడా, యజమాని అయినా సరే, కిరాయిదారును చట్టప్రకారం తప్ప బలవంతంగా బయటికి పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే స్పష్టంగా చెప్పింది. ఆ తర్వాత ఎన్నో తీర్పుల్లో అదే మాట. మీ పేరున ఉన్న ఇల్లే, మీరు పన్ను కడుతున్న ఇల్లే, అయినా ఆ గడప దాటాలంటే అతని అనుమతి కావాలి. అతను ఊరెళ్లాడు కదా అని మీ దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసినా అక్రమ ప్రవేశం కింద కేసు పెట్టగలరు. తాళం వేస్తే ఇంట్లోకి పోనీయకుండా అక్రమంగా అడ్డుకున్నారని అంటారు. సామాను బయట పెడితే, వాటిలో ఏదైనా పోయిందని అంటే, జవాబు చెప్పుకోవాల్సింది మీరే. బకాయికి బదులు ఫ్రిజ్జో టీవీయో పట్టుకునే హక్కు కూడా మీకు లేదు, ఆ సామాను అతనిదే.

ఇక నీళ్లు, కరెంటు. మీ ప్రశ్నలో అసలు బాధ ఇక్కడే ఉంది కాబట్టి సూటిగా చెబుతాను: ఇవ్వాలి. కిరాయి వచ్చినా రాకపోయినా, అతను ఆ ఇంట్లో ఉన్నంతకాలం బోరు నీళ్లు, నల్లా నీళ్లు, కరెంటు, మెట్లు, కామన్ లైటు ఇదివరకు ఎలా ఉన్నాయో అలాగే ఉండాలి. ఓనరు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు కరెంటు లేకుండా చేయకూడదని, కరెంటు కనీస అవసరమని సుప్రీంకోర్టు 2022 మేలో ఒక కేసులో చెప్పింది. తెలంగాణ అద్దె నియంత్రణ చట్టంలో సౌకర్యాలు తీసేయకూడదని నేరుగా ఉంది. మీ ఇల్లు ఆ చట్టం కిందకు రాకపోయినా (ఎందుకో కింద చెబుతాను) సివిల్ కోర్టు నీళ్లు, కరెంటు వెంటనే పునరుద్ధరించమని ఆదేశం ఇస్తుంది.

ఒక్కసారి ఆలోచించండి. ఈ రోజు మీ కేసు చాలా బలంగా ఉంది. ఏడు నెలలుగా కిరాయి లేదు, వాట్సాప్‌లో అతనే ఒప్పుకున్నాడు. మోటారు ఫ్యూజు పీకిన మరుక్షణం కథ తిరగబడుతుంది. పదో తరగతి పరీక్షలకు చదువుకుంటున్న పాప ఉన్న ఇంటికి నీళ్లు ఆపేశారని అతను కోర్టుకు వెళ్తాడు, నీళ్లు ఆపొద్దని మీ మీదే ఇంజంక్షన్ ఆర్డరు తెచ్చుకుంటాడు. అప్పటిదాకా ముద్దాయిగా ఉండాల్సిన మనిషి ఫిర్యాదిదారు అవుతాడు. కిరాయి సంగతి వెనక్కి పోయి, నీళ్ల సంగతి ముందుకొస్తుంది. గెలవాల్సిన కేసులు ఇలా ఏళ్లకేళ్లు సాగదీసుకుపోవడం నేను చాలా చూశాను. చూసిన ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే ఓనరమ్మ వైపే న్యాయం ఉంటుంది.

కరెంటు బిల్లు విషయంలో మాత్రం చిన్న తేడా ఉంది. పై పోర్షన్ మీటరు బిల్లు కట్టాల్సింది అతనే అయి, అతను కట్టకపోతే, విద్యుత్ సంస్థ వాళ్లు 15 రోజుల నోటీసు ఇచ్చి కనెక్షన్ కట్ చేస్తారు. అది వాళ్ల అధికారం, మీ చేతి పని కాదు. కానీ మీటరు మీ పేరున ఉంటే ఆ బాకీ మీ నెత్తినే పడుతుంది. అందుకని నా సలహా: కట్టేయండి, రసీదు దాచండి, ఆ మొత్తాన్ని కూడా దావాలో అడగండి.

పైపు లీకేజీ. అద్దె ఇవ్వనివాడు రిపేరు అడగడం చిర్రెత్తిస్తుంది, నిజమే. అగ్రిమెంటులో పెద్ద రిపేర్లు ఓనరువి అని రాసుంటే, చేయించండి. చేయించాల్సిన రిపేరు ఓనరు చేయించకపోతే, కిరాయిదారు తానే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చని ఆస్తి బదలాయింపు చట్టంలో ఉంది. రేపు కోర్టులో 'నేను రిపేర్లకే అంతా ఖర్చుపెట్టాను' అని అతను ఒక దొంగ బిల్లుల కట్ట తీయకుండా ఉండాలంటే, ఆ సందు మీరు మూసేయాలి. పైగా లీకయ్యేది మీ స్లాబులోకే. ప్లంబరును పంపే ముందు 'రేపు ఉదయం పది గంటలకు పైపు బాగుచేయడానికి మనిషి వస్తున్నాడు, తలుపు తీయండి' అని మెసేజ్ పెట్టండి. తీయకపోతే ఆ మెసేజే మీకు సాక్ష్యం. వాళ్లు తలుపు తీయకుండా ప్లంబరును లోపలికి తీసుకెళ్లకండి.

పోలీసుల గురించి అడిగారు. కిరాయి ఎగ్గొట్టడం నేరం కాదని, దానికి సివిల్ పరిష్కారాలే ఉన్నాయని 2022లో సుప్రీంకోర్టు ఒక ఎఫ్ఐఆర్‌ను కొట్టేస్తూ చెప్పింది. కాబట్టి స్టేషన్‌కు వెళ్తే 'సివిల్ మ్యాటరమ్మా' అని తిప్పి పంపడం సహజం. ఎవరో తెలిసినవాళ్ల ద్వారా ఎస్సైతో ఒక మాట చెప్పిద్దామనే ఆలోచన కూడా మానుకోండి. అతను మిమ్మల్ని బెదిరించినా, మీ మీద చేయెత్తినా అప్పుడు తప్పకుండా వెళ్లండి, అది వేరే విషయం.

మరి ఏం చేయాలి? ఈ వారంలోనే చేయాల్సిన పని ఒకటుంది: లాయరు ద్వారా నోటీసు. మీ అగ్రిమెంటు గడువు అయిపోయినా మీరు కిరాయి తీసుకుంటూ వచ్చారు కాబట్టి, అది నెల నెలకూ సాగే కిరాయి కింద మారింది. దాన్ని రద్దు చేయడానికి ఆస్తి బదలాయింపు చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు చాలు. అందులో ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎంత రావాలి, ఎప్పటిలోగా ఖాళీ చేయాలి, చేయకపోతే ఆ తర్వాతి కాలానికి ఎంత నష్టపరిహారం అడుగుతారు, ఇవన్నీ ఉండాలి. అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో పంపండి. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే, ఆ కవరును విప్పకుండా అలాగే దాచండి. సరైన అడ్రసుకు పంపిన నోటీసును కావాలని తీసుకోకపోయినా అందినట్టే కోర్టు భావిస్తుంది. ఇంట్లో ఉన్న కుటుంబసభ్యుల చేతికి ఇచ్చినా చెల్లుతుంది.

నోటీసు గడువు అయ్యాక చాలామంది ఒక చోట చిక్కుకుంటారు. అతను ఉన్నట్టుండి ఒక నెల కిరాయి ఫోన్‌పేలో వేస్తాడు. మీరు సంతోషంగా 'థాంక్స్' అని పెడతారు. గడువు తర్వాతి కాలానికి కిరాయిగా ఒప్పుకుని తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నట్టు వాదించే వీలు చట్టంలో ఉంది. డబ్బు వద్దనకండి, కానీ వెంటనే 'ఇది పాత బకాయి కింద జమ చేసుకుంటున్నాను, ఖాళీ చేయమని ఇచ్చిన నోటీసు అలాగే అమల్లో ఉంది' అని రాసి పంపండి. ఆ ఒక్క వాక్యం చాలా పని చేస్తుంది.

28,000 అడ్వాన్సును ఇప్పుడే మినహాయించకండి. తాళంచెవి మీ చేతికొచ్చి, గోడలు, తలుపులు, కరెంటు బిల్లు చూసుకున్నాక చివర్లో లెక్క చూడాలి. అయితే దావాలో ఆ డబ్బు మీ దగ్గర ఉందన్న సంగతి దాచకూడదు.

నోటీసుకు కదలకపోతే సివిల్ కోర్టులో దావా. మీది అద్దె నియంత్రణ చట్టం కిందకు రాదని అన్నాను కదా, కారణం ఇది: 2005లో చేసిన సవరణ తర్వాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 దాటిన కిరాయి ఉన్న ఇళ్లకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాద్‌లో ఈ రోజుల్లో కిరాయికిచ్చే ఇళ్లన్నీ దాదాపు బయటే ఉన్నాయి. (ఆంధ్రప్రదేశ్‌లో 2017లో వేరే అద్దె చట్టం చేశారు. విజయవాడ, నెల్లూరు పాఠకులు ఈ పేరా చూసి దావా వేయకండి, స్థానిక లాయరును కలవండి.) ఆ దావాలోనే మూడూ కలిపి అడగాలి: ఖాళీ చేయించడం, ఏడు నెలల బకాయి, ఖాళీ చేసేదాకా నెలనెలా పరిహారం. ఒకటి అడిగి రెండోది తర్వాత చూద్దామనుకుంటే చిక్కులు రావచ్చు. బకాయి అడగడానికి మూడేళ్ల గడువు, అది దాటిన నెలల కిరాయి రాదు. కేసు నడుస్తుండగానే బకాయిని, నెలనెలా కిరాయిని కోర్టులో కట్టమని ఆదేశం కోరవచ్చు. ఆ ఆదేశాన్ని పాటించకపోతే అతని వాదననే పక్కన పెట్టే అధికారం కోర్టుకుంది. ఈ దరఖాస్తు వేయమని మీ లాయరుకు గుర్తు చేయండి. ఇలాంటి కేసులో కిరాయిదారును నిజంగా కదిలించేది ఇదే.

వాట్సాప్ మెసేజ్‌లు తుడిచేయకండి, ఫోను మార్చకండి. వాటిని కోర్టులో పెట్టడానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి, అది లాయరు చూసుకుంటారు. కిరాయి పడిన నెలల బ్యాంకు స్టేట్‌మెంటు కూడా తీసి ఉంచండి.

ఖర్చు భయపెడుతోందా? న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేయండి, లేదా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. దావా వేయకముందే అక్కడ ఒక అర్జీ పెడితే, ఇద్దరినీ పిలిచి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు. మీ కేసులో ముందు ఈ దారి తొక్కమనే నేను చెబుతాను. నోటీసు పంపండి, గడువు అయిపోగానే అక్కడ అర్జీ పెట్టండి. పాప పరీక్షలు అయ్యే తేదీ దాకా ఉండనిచ్చి, ఆ తేదీకి తాళంచెవి ఇచ్చేట్టు, బకాయి వాయిదాల్లో కట్టేట్టు రాజీ రాసుకోవచ్చు. నాలుగు నెలల కిరాయి వదిలేసుకోవాల్సి వచ్చినా, ఇల్లు ఆరు నెలల్లో చేతికొస్తే మీరు లాభపడ్డట్టే. దావాకు ఏళ్లు పడుతుంది, కొత్త కిరాయిదారు మాత్రం వారంలో దొరుకుతాడు. లోక్ అదాలత్ ఇచ్చే అవార్డుకు (రాజీ తీర్పుకు) కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంది, దాని మీద అప్పీలు లేదు. అతను మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్లొచ్చు. ఇంటి ముందు పెద్దమనుషుల మధ్య తెల్లకాగితం మీద రాసుకునే ఒప్పందానికి ఆ బలం ఉండదు.

పాప సంగతి మీరే ఎత్తారు కాబట్టి ఒక మాట. ఆ పిల్ల పరీక్ష రాసేదాకా ఆగుదామని మీకనిపిస్తే, అది బలహీనత అని ఎవరన్నా వినకండి. కాకపోతే ఆ ఆగడం కాగితం మీద, తేదీతో ఉండాలి. మీరు జాలిపడి ఊరకుండిపోతే అది రాత లేని మరో ఏడు నెలలవుతుంది.

చివరగా ఆదాయపు పన్ను. మీరు రిటర్ను వేస్తుంటే, రాని కిరాయిని ఆదాయంగా చూపాల్సిన అవసరం రాకుండా మినహాయింపు ఉంది. దానికి షరతులున్నాయి: కిరాయి ఒప్పందం నిజమైనదై ఉండాలి, అతను ఖాళీ చేసి ఉండాలి లేదా ఖాళీ చేయించడానికి మీరు చర్యలు మొదలుపెట్టి ఉండాలి, మీ ఇంకే ఆస్తిలోనూ అతను ఉండకూడదు, వసూలుకు చట్టపరంగా ప్రయత్నించి ఉండాలి లేదా అలా ప్రయత్నించినా ఫలితం లేదని చూపగలగాలి. అంటే మీ నోటీసు ఇక్కడ కూడా పనికొస్తుంది. తర్వాత ఎప్పుడైనా ఆ బకాయి వస్తే, వచ్చిన ఏడాది చూపించి 30 శాతం మినహాయించుకోవచ్చు.

ప్రశ్న: హనుమకొండలో మా నాన్నగారి కాలం నుంచి ఒక మలిగి (షాపు గది) కిరాయికి ఉంది. బిల్డింగు నలభై ఏళ్ల పైది. నెలకు 1,800 మాత్రమే వస్తుంది. కిరాయిదారు మూడు నెలలు కట్టలేదు, తర్వాత ఒకేసారి తెచ్చాడు. తీసుకోకపోతే డిఫాల్టర్ అవుతాడు, ఖాళీ చేయించొచ్చని స్నేహితులంటే తీసుకోలేదు. అతని అడ్వాన్సు 20,000 మా దగ్గరే ఉంది. మేం చేసింది సరైనదేనా?

జవాబు: ఈ సలహా మన ఊళ్లలో చాలా ఏళ్లుగా తిరుగుతోంది, దీనివల్ల ఓనర్లే నష్టపోతున్నారు. తెచ్చిచ్చిన కిరాయిని వద్దని, తర్వాత కట్టలేదని కేసు వేస్తే కోర్టు నమ్మదు.

మీ మలిగి 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కిందకే వస్తుంది. కిరాయి తక్కువ, కట్టడం పాతది. ఆ చట్టంలో ఓనరు బాధ్యతలు రాసి ఉన్నాయి. కిరాయి తీసుకుంటే రసీదు ఇవ్వాలి. తీసుకోనంటే, కిరాయిదారు రాతపూర్వకంగా నోటీసిచ్చి పది రోజుల్లో ఒక బ్యాంకు పేరు చెప్పమని మిమ్మల్ని అడగవచ్చు. మీరు చెప్పకపోతే మనియార్డరు పంపొచ్చు, కమిషను మినహాయించుకుని మరీ. దాన్నీ తిప్పి పంపితే ఈ చట్టం కింద అద్దె కేసులు చూసే రెంట్ కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేయొచ్చు. తెలిసిన లాయరు దగ్గరికి వెళ్లిన కిరాయిదారు సరిగ్గా ఈ వరుసలోనే నడుస్తాడు. రెండేళ్ల తర్వాత చూస్తే అతని దగ్గర రసీదుల ఫైలు, మీ దగ్గర మొండిపట్టు మాత్రమే ఉంటాయి.

ఈ చట్టంలో ఖాళీ చేయించాలంటే ఎగవేత ఉద్దేశపూర్వకంగా జరిగిందని తేలాలి. ఒప్పందంలో అనుకున్న తేదీ దాటి 15 రోజుల్లోగా, ఒప్పందం లేకపోతే తర్వాతి నెల ఆఖరు రోజులోగా కట్టాలి. కట్టకపోయినా అది కావాలని చేసింది కాదని కంట్రోలర్‌కు అనిపిస్తే, 15 రోజులకు మించకుండా గడువిచ్చి, కడితే కేసు కొట్టేస్తారు. మీ దగ్గరున్న 20,000 అడ్వాన్సు మీకు ఇంకా పెద్ద అడ్డంకి. ఈ చట్టం ఒక నెల కిరాయికి మించి అడ్వాన్సు ఒప్పుకోదు. గూడూరులోని ఒక హోటల్ కేసులో సుప్రీంకోర్టు 1989లో ఇదే విషయం తేల్చింది: ఓనరు దగ్గర బకాయికి సరిపడా అదనపు డబ్బు ఉన్నప్పుడు కిరాయిదారు ఎగ్గొట్టాడని అనలేం. మీ లెక్క చూడండి, మూడు నెలల బకాయి 5,400, మీ చేతిలో ఉన్నది 20,000.

కాబట్టి ఆ డబ్బు తీసుకోండి, రసీదివ్వండి. మున్ముందు నిజంగా వరుసగా ఎగ్గొడితే అప్పుడు కంట్రోలర్ దగ్గరికి వెళ్లొచ్చు. దానికి పై జవాబులో చెప్పిన 106వ సెక్షన్ నోటీసు కూడా అవసరం లేదని సుప్రీంకోర్టులో 1979లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అతను కేసులో వాదించుకోవాలంటే పాత బకాయి కట్టి, నడుస్తున్న కిరాయి కూడా కడుతూ ఉండాలి. మలిగి మీకే కావాలి, కొడుకు షాపు పెట్టుకుంటాడు అనుకుంటే అది వేరే కారణం, దానికి వేరే దరఖాస్తు ఉంది. నిజంగా ఆ అవసరం ఉంటే ఆ దారిలోనే నిజాయితీగా వెళ్లండి.

ప్రశ్న: మేం కూకట్‌పల్లిలో కిరాయికుంటాం. రెండు నెలల కిరాయి బాకీ ఉన్నాం, ఒప్పుకుంటాం. సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి ఓనరు మా తాళం మీద ఇంకో తాళం వేశారు. పిల్లల పుస్తకాలు, మా అత్తగారి బీపీ, షుగర్ మందులు లోపలే ఉన్నాయి. తాళం పగలగొట్టమంటారా?

జవాబు: పగలగొట్టకండి తల్లీ. మందుల సంగతి ముందు చూడండి, డాక్టరు చీటీ ఫొటో ఫోనులో ఉంటే ఈ రోజే బయట కొనండి, ఒక్క పూట కూడా ఆపకండి.

తర్వాత తలుపు, రెండు తాళాలు కనపడేలా ఫొటోలు తీయండి. ఓనరుకు ఒక మెసేజ్ పెట్టండి: మా సామాను లోపలుంది, తాళం తీయండి, రెండు నెలల కిరాయి ఫలానా తేదీకి ఇస్తాం అని. బాకీ దాచకుండా రాయండి. ఇంట్లో ఉంటున్నది మీరేనని చూపడానికి గ్యాస్ బిల్లు, పిల్లల స్కూలు ఐడీ, కిరాయి పంపిన బ్యాంకు వివరాలు చాలు. ఇవి పట్టుకుని స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. కిరాయి గొడవ సివిల్ విషయమే, కానీ మనిషిని తన ఇంట్లోకి పోనీయకుండా అడ్డుకోవడం నేరమని భారతీయ న్యాయ సంహిత చెబుతోంది. చాలాసార్లు స్టేషన్ నుంచి ఒక ఫోను వెళ్తే తాళం తీస్తారు.

తీయకపోతే కోర్టు. అంగీకారం లేకుండా, చట్టప్రకారం కాకుండా స్వాధీనం పోగొట్టుకున్నవాళ్లు, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పని లేకుండా దాన్ని తిరిగి పొందడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేయొచ్చు. తాళం వేసిన రోజు నుంచి ఆరు నెలల్లోపే వేయాలి, ఒక్క రోజు దాటినా ఈ దారి మూసుకుపోతుంది. దాంతోపాటే వెంటనే తాళం తీయించమని మధ్యంతర ఆదేశం అడగాలి. పై జవాబులో చెప్పిన 15100 నంబరు మీకూ పనికొస్తుంది, మహిళగా మీ పేరు మీదే దరఖాస్తు పెట్టండి. ఈలోగా రెండు నెలల కిరాయిలో ఎంత కుదిరితే అంత ఓనరు ఖాతాలో వేసి, ఏ నెలదో మెసేజ్‌లో రాయండి.